పాత డీవీడీ హోం థియేటర్ స్పీకర్లకు 30 వేల లోపు ఏ రిసీవర్ తీసుకోవాలె?

నయీంనగర్_హాల్:

అన్నలకు నమస్తే. మాది హన్మకొండ. హాల్ 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. స్లాబు ఇల్లు, కింద గ్రానైట్. పాత 5.1 డీవీడీ హోం థియేటర్‌ల మెయిన్ బాక్సు పోయింది. ఐదు స్పీకర్లు, సబ్‌వూఫర్ మంచిగనే ఉన్నయి. స్పీకర్ల ఎనుక 3 ఓమ్స్ అని రాసి ఉంది. సబ్‌వూఫర్‌కు కరెంటు ప్లగ్గు లేదు, రెండు వైర్లే వస్తయి. టీవీ 43 అంగుళాల 4కే. ఒక హెచ్‌డీఎంఐ దగ్గర ఏఆర్‌సీ (టీవీ సౌండును రిసీవర్‌కు పంపేది) అని ఉంది, దాని కొత్త రకం ఈ-ఏఆర్‌సీ కాదు. చూసేది ఫైర్ స్టిక్ 4కే, డీటీహెచ్ బాక్సు, అంతే.

రిసీవర్‌కు, అంటే సౌండును విడదీసి స్పీకర్లను నడిపే బాక్సుకు, 30 వేల దాక పెట్టగలను. యమహా ఆర్‌ఎక్స్-వి385, డెనాన్ ఏవీఆర్-ఎక్స్250బీటీ, సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్590 చూసిన. యమహాకు 70 వాట్లు, డెనాన్‌కు 130, సోనీకి 145 అని రాసిండ్రు. 145 ఉన్నదే తీసుకోవాల్నా? అసెంబుల్డ్ ఆంప్ చేయిస్తే ఇంక తక్కువల అయితదంటున్నరు, అదైనా నడుస్తదా? ఈ-ఏఆర్‌సీ లేకుంటే ఏమన్న నష్టమా?

ఓమ్‌లెక్క:

145 చూసి తీసుకోవద్దండి. ఆ మూడు అంకెలూ ఒకే కొలతవి కావు. సోనీ 145 అన్నది 6 ఓమ్స్ మీద ఒక్క చానెల్‌నే నడిపి, 1 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టి, 0.9 శాతం డిస్టార్షన్ (ధ్వని చెడిపోవడం) దాకా వదిలి తీసిన అంకె. డెనాన్ 130 కూడా ఒక్క చానెల్‌దే, 1 శాతం దగ్గర. యమహా 70 మాత్రం రెండు చానెళ్లు కలిపి నడుపుతూ, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, 0.09 శాతం దగ్గర తీసింది. ఇదే గట్టి పద్ధతిలో డెనాన్ 8 ఓమ్స్‌కు 70, సోనీ 6 ఓమ్స్‌కు 90 చూపిస్తాయి. 70కీ 90కీ మధ్య వినికిడిలో తేడా 1 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత), అంతే. ఐదు చానెళ్లూ ఒకేసారి గట్టిగా లాగితే మూడింటిలోనూ అంకె ఇంకా కిందికి వస్తుంది, ఎందుకంటే ఐదింటికీ కరెంటు ఇచ్చే పవర్ సప్లై ఒక్కటే.

మీ హాలుకు అసలు ఎంత కావాలి? 88 డీబీ సెన్సిటివిటీ ఉన్న స్పీకరు 1 వాటుకు 1 మీటరు దగ్గర 88 డీబీ ఇస్తుంది. 10 అడుగుల దూరంలో కూర్చుంటే అది 78, 79కి తగ్గుతుంది. 10 వాట్లకు అక్కడ 88, 100 వాట్లకు 98. ఇంట్లో మాటలు 70, 75 డీబీ దగ్గర వింటాం కాబట్టి ఎక్కువసేపు నడిచేది ఒక వాటు లోపలే. పేలుళ్లకూ డప్పులకూ మాత్రమే మిగతా వాట్లు. ప్రతి 3 డీబీకి వాట్లు రెట్టింపు కావాలి. 85 డీబీ స్పీకరు బదులు 88ది కొంటే రిసీవర్ వాట్లు రెట్టింపు చేసుకున్నట్టే లెక్క.

ఇక అసలు అడ్డంకి: మీ 3 ఓమ్స్ స్పీకర్లు ఈ మూడింటిలో దేనికీ పెట్టకూడదు. స్పీకరుకు రిసీవర్ 20 వోల్టులు పంపిందనుకోండి, 8 ఓమ్స్ అయితే 2.5 ఆంపియర్లు లాగుతుంది. 3 ఓమ్స్ అయితే 6.7. ఈ తరగతి రిసీవర్లు 6 ఓమ్స్, అంతకు పైన ఉన్న స్పీకర్లకోసం చేసినవి. చిన్న సౌండుకు పాడినట్టే పాడుతుంది, వాల్యూమ్ ఎక్కిస్తే ప్రొటెక్షన్‌లోకి పోయి ఆగిపోతుంది. సోనీలో ప్రొటెక్టర్ అని, యమహాలో చెక్ ఎస్‌పీ వైర్స్ అని పడుతుంది, డెనాన్‌లో పవర్ లైటు ఎర్రగా మెరుస్తుంది. అలా రోజూ నడిపితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. వరుసగా రెసిస్టర్ పెట్టమని ఎవరైనా చెప్తే వినొద్దు. పవర్‌లో సగానికి పైగా ఆ రెసిస్టర్‌లో వేడిగా పోతుంది, స్పీకరు టోన్ కూడా మారిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ స్పీకర్లు కొంటే వెనక స్టిక్కర్ ఒక్కదాన్నే నమ్మకండి. మల్టీమీటర్‌ను 200 ఓమ్స్ రేంజ్‌లో పెట్టి రెండు టెర్మినళ్లకు తాకించండి. మీటర్ చూపేది రాసినదానికన్నా ఎప్పుడూ కొంచెం తక్కువే. 8 ఓమ్స్‌ది 5.5 నుంచి 7 మధ్య, 4 ఓమ్స్‌ది 3.3 దగ్గర చూపిస్తుంది. 4 లోపు వస్తే పక్కన పెట్టేయండి.

మూడింటిలో నా ఓటు యమహాకు. దానితో సెటప్ మైకు (స్పీకర్ల దూరాలూ లెవెళ్లూ తానే కొలిచేది) వస్తుంది, సోనీకీ వస్తుంది. డెనాన్ ఎక్స్250బీటీకి మైకు లేదు, దూరాలూ లెవెళ్లూ టేపు పట్టి చేత్తో పెట్టుకోవాలి. దానికి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లు 5, మిగతా రెండింటికీ 4. మీకు కావలసినవి రెండే. ఇన్‌పుట్ల లెక్క కన్నా మీకు మైకు విలువే ఎక్కువ.

నయీంనగర్_హాల్:

మంచిగ సమజైంది అన్నా. అయితే సబ్‌వూఫర్ కూడ పక్కకు పెట్టాల్నా? ఐదు స్పీకర్లు ఒక్కసారి కొనుడు నాతోని కాదు.

వైరింగ్_జగిత్యాల:

సబ్‌వూఫర్‌ను ఉంచుకోవచ్చు తమ్మీ. రిసీవర్‌ల సబ్‌వూఫర్‌కు ఉండేది ఒక్క ఆర్‌సీఏ సాకెట్, అండ్లకెళ్లి సిగ్నలే వస్తది, పవర్ రాదు. నీది పవర్ లేని సబ్ గనుక నడుమ ఒక మోనో ఆంప్ బోర్డు కావాలె. టీపీఏ3116 చిప్ ఉన్న 100 వాట్ల మోనో బోర్డు తీసుకో. మోనో అని ప్రత్యేకంగ ఉన్నదే తీసుకో, స్టీరియో బోర్డు కాదు. ఆ చిప్ మోనో కనెక్షన్‌ల 2 ఓమ్స్ దాక తట్టుకుంటది, 3 ఓమ్స్ సబ్‌కు ఇబ్బంది లేదు. 19 వోల్టులు, 4.74 ఆంపియర్ల పాత లాప్‌టాప్ అడాప్టర్ దానికి సరిపోతది. చిప్ మీద హీట్‌సింక్ లేకుంటే నడుపకు. బోర్డు మీద వాల్యూమ్ నడిమికి పెట్టి వదిలెయ్, మిగతాది రిసీవర్ సెటప్‌ల సరిచేయాలె. ఫిల్టర్ బోర్డు వేరే అక్కర్లేదు, కింది సౌండును రిసీవరే విడదీసి పంపుతది.

అడాప్టర్ పెట్టినంక గుయ్యిమని హమ్ వస్తే ముందుగాల డీటీహెచ్ బాక్సు ఎనుక డిష్ కేబుల్ ఊడదీసి చూడు. హమ్ ఆగితే అది ఎర్త్ లూప్. టీవీ, బాక్సు, రిసీవర్, అడాప్టర్ అన్నీ ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెచ్చుకో. అడాప్టర్ ఎర్త్ పిన్ను మాత్రం కోయొద్దు. కరెంటు పోయినప్పుడే హమ్ వస్తుందంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ పని, రిసీవర్‌ను ఆ లైన్ మీదికెళ్లి తీసెయ్.

స్పీకర్లు విడతల వారీగ కొనుక్కో. మొదట ముందటి జత, 5 అంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్‌లు, 6 లేదా 8 ఓమ్స్. రిసీవర్‌ల సెంటర్ నన్, సరౌండ్ నన్ అని పెడితే మాటలు రెండు స్పీకర్ల నడుమకెళ్లి వస్తయి, ఏదీ మిస్ కాదు. తర్వాత సెంటర్, అది ముందటి జత కంపెనీ, సిరీస్‌లదే అయితే మంచిది. ఎనుక జత ఆఖరికి. కొత్తది కలిపిన ప్రతిసారి మైకు సెటప్ మళ్ల చెయ్యాలె.

వైరు కోసం ఆడియో షాపుకు పోనక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపుల దొరికే 1.5 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ రాగి వైరు నీ హాల్‌కు చాలు, ఎనుక స్పీకర్లకు గోడ ఎంబడి 40 అడుగులు పోయినా సరే. ఆన్‌లైన్‌ల అగ్గువకు వచ్చే స్పీకర్ వైర్లల్ల చానా మట్టుకు అల్యూమినియం మీద రాగి పూత. కొసకు గోరుతోని గీకితే తెల్లగ కనిపిస్తది. టెర్మినల్‌ల పెట్టేటప్పుడు పోగులన్నీ గట్టిగ మెలేయి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా ప్రొటెక్షన్‌కు పోతది.

అసెంబుల్డ్ ఆంప్ విషయం: పాటలకు, ఫంక్షన్లకు బాగ పని చేస్తది, సీ5200–ఏ1943 ట్రాన్సిస్టర్ల బోర్డులు గట్టివే. కాని ఫైర్ స్టిక్ ఇచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్‌ను (ఓటీటీ సినిమాల సరౌండ్ సౌండు ఫార్మాట్) విప్పేటిది అండ్ల ఉండదు. చానా మట్టుకు రెండు చానెళ్లనే ఐదు స్పీకర్లకు పంచుతరు. చేయిస్తే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ డీకోడర్ బోర్డు ఉందా, ఏ ఫార్మాట్లు విప్పుతదని పేర్లు పెట్టి అడుగు. స్పీకర్ల దూరం పెట్టే సెట్టింగ్ ఉందా అని కూడ అడుగు.

ఏఆర్‌సీ_మంచిర్యాల:

టీవీ ప్రశ్న మిగిలిపోయింది కదా. ఈ-ఏఆర్‌సీ మీకు అక్కర్లేదు. బ్లూరే డిస్కుల్లో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ లాంటివి టీవీ గుండా రిసీవర్‌కు పోవాలంటే అది కావాలి. ఓటీటీ యాప్‌లు ఇచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ మామూలు ఏఆర్‌సీలోనే పోతుంది. ఆప్టికల్ వైరు మాత్రం పెట్టొద్దు, డిజిటల్ ప్లస్ దానిలో పోదు.

ఫైర్ స్టిక్, డీటీహెచ్ రెండూ రిసీవర్‌లోకే పెట్టండి. రిసీవర్ హెచ్‌డీఎంఐ అవుట్ నుంచి టీవీ ఏఆర్‌సీ సాకెట్‌కు ఒక్క వైరు. మీరు చెప్పిన మూడూ 4కే, హెచ్‌డీసీపీ 2.2 (4కే వీడియోకు ఉండే కాపీ రక్షణ) పంపిస్తాయి. పాత సెకండ్‌హ్యాండ్ రిసీవర్లలో ఈ 2.2 ఉండదు, అప్పుడు ఫైర్ స్టిక్ పెడితే 4కే రాదు.

టీవీలో సీఈసీ (హెచ్‌డీఎంఐ వైరు గుండా పరికరాలు ఒకదాన్నొకటి నడిపే సెట్టింగ్) ఆన్ చేయాలి, లేకపోతే ఏఆర్‌సీ మేల్కోదు. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్ అని పేరు. టీవీ సొంత యాప్‌లు వాడితే డిజిటల్ ఆడియో అవుట్ పీసీఎం మీద ఉందేమో చూడండి. ఏఆర్‌సీలో పీసీఎం అంటే రెండు చానెళ్లే. ఆటో లేదా పాస్‌త్రూకు మార్చండి. ఫైర్ స్టిక్‌లో డిస్‌ప్లే అండ్ సౌండ్స్‌కు వెళ్లి సరౌండ్ సౌండ్ సెట్టింగ్ చూడండి. సినిమా పెట్టి రిసీవర్ ముందు డిస్‌ప్లే చదవండి: డాల్బీ అని పడాలి. పీసీఎం అని పడితే ఎక్కడో సెట్టింగ్ తప్పింది. డీటీహెచ్‌లో చాలా చానెళ్లు స్టీరియోనే, వాటికి పీసీఎం పడితే కంగారు లేదు.

మైకు సెటప్ చేసేటప్పుడు ఫ్యాన్, కూలర్ ఆపండి. యమహాలో ఈ-5 నాయిసీ అని వస్తే కారణం దాదాపు ఎప్పుడూ అదే. మైకును సోఫా వీపు మీద పెట్టకండి, వెనక నుంచి శబ్దం తిరిగి కొట్టి కొలత చెడుతుంది. స్టాండు మీద, చెవి ఎత్తులో పెట్టాలి. డబ్ల్యూ-1 అవుట్ ఆఫ్ ఫేజ్ అని వస్తే ఆ స్పీకరు వైరు ఎరుపు, నలుపు చూడండి. వైర్లు సరిగానే ఉంటే దాన్ని వదిలేయొచ్చు, కొన్ని స్పీకర్లకు ఊరికే చూపిస్తుంది. సబ్ దూరం టేపు కొలత కన్నా ఎక్కువ చూపిస్తే మార్చకండి, ఫిల్టర్‌లో అయ్యే ఆలస్యాన్ని కూడా కలిపి చూపిస్తుంది. సెటప్ తానే ముందు జతను లార్జ్ అని పెడితే స్మాల్‌కు మార్చి క్రాసోవర్ (దీని కిందున్న సౌండు సబ్‌కు పోయే హద్దు) 80 లేదా 100 హెర్ట్జ్ పెట్టండి. గ్రానైట్ మీద సోఫాకూ టీవీకీ మధ్య దళసరి తివాచీ వేసి, ఎదురు గోడకు మందపు పరదా కట్టాకే ఈ కొలత తీయండి. గదిలో గింగురుమనే మోత మైకుతో పోదు.

కొనేటప్పుడు వెనక ప్లేటు మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉందో లేదో చూడండి. బయటి దేశం నుంచి వచ్చిన 120 వోల్టుల పీసులు ఆన్‌లైన్‌లో తక్కువకు కనిపిస్తాయి. మన సాకెట్‌లో నేరుగా పెడితే కాలిపోతాయి, ఇండియా వారంటీ కూడా ఉండదు. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. మన దగ్గర ఎండాకాలం 45 డిగ్రీలు తాకుతుంది, కాబట్టి రిసీవర్‌ను తలుపులు మూసే టీవీ యూనిట్‌లో పెట్టొద్దు. పైన ఒక అడుగు ఖాళీ ఉంచండి, దాని నెత్తిన డీటీహెచ్ బాక్సు పెట్టకండి.