బోరు కేబుళ్ల దొంగతనాలు: రాత్రి గస్తీ తిరగాలా, పాత సామాన్ల కొట్లను పట్టాలా?

సూర్యాపేట రైతు: ఈ యాసంగిలో మా ఊళ్లో స్టార్టర్ డబ్బా నుంచి బోరు దాకా ఉన్న కేబుళ్లను వరసగా కోసుకుపోతున్నారు. నాటేసిన మడి ఎండుతుంటే అప్పు చేసి కొత్త కేబుల్ వేయాల్సి వస్తోంది. వంతులు వేసుకుని గస్తీ తిరుగుదామని పెద్దలంటున్నారు. డబ్బాకు కరెంటు తీగ చుడదామని కుర్రాళ్లు. మీరేమంటారు?

పల్నాడు మిర్చి: గస్తీకే నా ఓటు. కాయలు ఎండేదాకా మేం కల్లంలోనే పడుకుంటాం. మనిషి అలికిడి ఉంటే దొంగ రాడు.

లైన్‌మన్ కొడుకు: కరెంటు తీగ మాట మాత్రం ఎత్తకండి. అడవి పందులకని పెట్టిన తీగలు తగిలి సొంత రైతులే పోయిన ఊళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. చచ్చింది దొంగైనా కేసు తీగ పెట్టినవాడి మీదే.

జనగామ చెల్క: మిర్చి అన్నా, మీ కల్లం ఒక్కచోట ఉంటుంది, కొన్నాళ్లకు ఖాళీ అవుతుంది. మా బోర్లు చెల్కలంతా చెదిరి ఉంటాయి, ఏడాది పొడుగునా ఉంటాయి. పగలంతా పనిచేసినవాడు ఎన్ని రాత్రులు తిరుగుతాడు?

దొంగకు కావాల్సింది రాగి. కేబుల్‌ను తుప్పల్లో కాల్చి, రబ్బరు పోయాక కిలోల లెక్కన అమ్ముతాడు. కాల్చిన రాగి మసిబారి ఉంటుంది. రోజూ పాత సామాన్లు కొనేవాడికి అది ఎక్కడిదో తెలియదంటే నేను నమ్మను. ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్ సంగతైతే చెప్పనే అక్కర్లేదు, దాన్ని ఏ రైతూ ఇంట్లోంచి తెచ్చి అమ్మడు కదా! 2003 విద్యుత్ చట్టంలో లైన్ల సామాను దొంగిలిస్తే 136వ సెక్షన్, దొంగసొత్తని తెలిసీ కొంటే 137. రెండింటికీ మూడేళ్ల దాకా జైలు ఉంది. మన సొంత కేబుల్‌కైతే భారతీయ న్యాయ సంహితలో 303, కొన్నవాడికి 317. కానీ కేబుల్ ముక్కేగా అని మనం ఫిర్యాదే ఇవ్వం. కాగితం మీద దొంగతనమే లేనప్పుడు ఎస్సై ఆ కొట్టుకు ఎందుకు వెళ్తాడు?

పల్నాడు మిర్చి: ఫిర్యాదంటే స్టేషన్ చుట్టూ తిరగాలి తమ్ముడూ. కోతల టైంలో ఎవరికి కుదురుతుంది?

జనగామ చెల్క: ఒక్కొక్కరూ వెళ్తే అంతేనన్నా. కేబుళ్లు పోయినవాళ్లంతా కలిసి ఒకేరోజు వెళ్లండి, ఎవరి ఫిర్యాదు వాళ్లు రాసివ్వండి, ఎఫ్ఐఆర్ కాపీ అడిగి తీసుకోండి, అది ఉచితమే. రాగి తెచ్చినవాడి ఆధార్, ఫోన్ నంబర్ కొట్లో రాసి ఉంచేలా చూడమని గ్రామసభ తీర్మానం చేసి ఎస్సైకి ఇవ్వండి.

సూర్యాపేట రైతు: తీగ ఆలోచన మానేశాం. నాట్లు నిలదొక్కుకునేదాకా గస్తీ ఉంటుంది. ఫిర్యాదులకు అందరినీ ఒప్పిస్తున్నా. తీర్మానం నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి.