సమస్యాపూరణం: సమముగాఁ జూచువాఁడె పో సమత చెఱచు

ఇచ్చిన చివరి పాదం తేటగీతి అనే ఛందస్సులో ఉంది; ముందు మూడు పాదాలు కవి రాసి పద్యం పూరించాలి. అందరినీ సమంగా చూసేవాడే సమతను చెడగొడతాడట! పొసగనట్టున్న ఈ మాటను పొసగించాలి.

పూరణ 1

రోగ మెద్దియొ యెఱుఁగక రోగులకును
మందు నొక్కటి యొసఁగుచు మఱల మఱల
వేఱువేఱగు దేహాల వెతలఁ గనక
సమముగాఁ జూచువాఁడె పో సమత చెఱచు

సమీక్ష: భావం చక్కగా కుదిరింది. 'ఒకే గాటన కట్టడం' అని మనం నిందగా అనేది సరిగ్గా దీన్నే. 'దేహాల' వ్యావహారికం, 'దేహముల' అంటే గణభంగం, అంటే గురువుల (నిడివైన అక్షరాల), లఘువుల (పొట్టి అక్షరాల) కూర్పు చెడుతుంది. 'వేఱువేఱగు మేనుల' అనండి, భగణంతో (ఒక గురువు, రెండు లఘువులు) సరిపోతుంది.

పూరణ 2

నేర మొనరించు వానిని, నేర మెఱుఁగ
నట్టి వాని నొక్కటిగానె నడుపుచుండి
తాను సమవర్తి నని పల్కి ధర్మ మెడల
సమముగాఁ జూచువాఁడె పో సమత చెఱచు

సమీక్ష: మూడవ పాదంలో త-ధ యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) బాగుంది. అయితే 'సమవర్తి' దగ్గర ఆగాలి. అది అమరకోశమనే సంస్కృత నిఘంటువులో యముడి పేరు: 'సమవర్తీ పరేతరాట్'. అందరి పట్ల ఒకే తీరున వర్తించేవాడు కనుక ఆ పేరు. మీరు ఉద్దేశించింది న్యాయాధికారినైతే 'సమదర్శి' వేయండి, గణం మారదు. గీత ఐదవ అధ్యాయం 18వ శ్లోకంలో పండితులకు వాడినది ఆ మాటే. అక్కడ ఆవు, ఏనుగు, కుక్క కూడా ఉన్నాయి. ఏనుగు మేత కుక్కకు పెట్టమని ఆ శ్లోకం చెప్పలేదు; చూపు ఒక్కటి కావాలంది. ఈ సమస్యకు ప్రాణం ఆ తేడాలోనే ఉందని నా నమ్మకం.

కవి జవాబు: ఆర్యా, తనను యముడితో పోల్చుకునే అహంకారిని చూపాలనే ఆ పదం వేశాను.

అలాగైతే ఉంచండి. పద్యానికి బలం పెరిగింది.

పూరణ 3

కలిమి గలవాని నొకరీతిఁ గాంచి, పేద
వాని వేఱొక విధముగఁ బలుకరించి
తగవు దెలియక యెప్పుడుఁ దన జనులన
సమముగాఁ జూచువాఁడె పో సమత చెఱచు

సమీక్ష: భళా! మూడవ పాదం చివర 'న' నిలిపి 'జనుల నసమముగా' అని విరిచారు. ఒక్క అక్షరంతో విరోధం పోయింది. చమత్కారానికి ఇదే మొదటిది, ఆలోచనకు మాత్రం మొదటి పూరణే నాకు నచ్చింది.

ప్రశ్న: 'సమముగాఁ జూచు' బదులు 'సమీకరించు' అనవచ్చునా?

అనకూడదు. 'సమ'కు సంస్కృత వ్యాకరణంలోని చ్వి అనే ప్రత్యయం చేరి 'సమీ' అయింది. అంతకుముందు సమం కానిదాన్ని సమం చేయడమని అర్థం. స్థిరీకరణం, నవీకరణం అలా పుట్టినవే. గణితంలో సమీకరణం అంటే రెండు వైపులు సమమని రాయడం. పత్రికల్లో నిధుల సమీకరణ అంటే కూడగట్టడం. వీటిలో దేనిలోనూ 'చూపు' లేదు. పైగా లఘువు తర్వాత గురువుతో మొదలయ్యే మాట తేటగీతి పాదాన్ని ఆరంభించలేదు. తప్పదనుకుంటే 'అవి స|మీకరిం|' అని విరిచి, మిగతా అక్షరాలను తర్వాతి గణంలోకి తీసుకోండి.