అలిపిరి మెట్లదారిలో తిండి అంగళ్ళు ఉండాలా, వద్దా?

శేషాచలం_నడక:
నెలకు రెండు శనివారాలు పొద్దున 4 గంటలకు అలిపిరిలో ఎక్కడం మొదలుపెడతాను. పదకొండేళ్ళుగా ఇదే అలవాటు. మొన్న గాలిగోపురం దాటాక ఊరికే లెక్కపెట్టాను. కొరికి పడేసిన మొక్కజొన్న బెండ్లు, మామిడి టెంకలు, పేపర్ కప్పులు. నరసింహస్వామి గుడి చేరేసరికి బెండ్లే నూట నలభై. ఇక విసుగొచ్చి ఆపేశాను. ఈ దారి చుట్టూ ఉన్నది మామూలు అడవి కాదు. 1989 నుంచి జాతీయ పార్కు, 2010 నుంచి బయోస్పియర్ రిజర్వు. సూటిగా చెప్తున్నా: ఈ 3550 మెట్ల దారిలో తిండి అంగళ్ళన్నీ తీసెయ్యాలి. నీళ్ళ కుళాయిలు, మరుగుదొడ్లు చాలు. మీరేమంటారు?

బైరాగిపట్టెడ:
ముందు మా వీధి మొదట్లో కుప్ప తీయించు సామీ, తర్వాత కొండెక్కుదువు.

పచ్చిమామిడి:
సార్, పదకొండేళ్ళు ఎక్కినారు కదా, ఒక్కసారన్నా అంగడి ముందర నిలబడి చూసినారా? మా నాయన అంగడి అది. ముందర రెండు డబ్బాలు పెట్టినాం. రాత్రి మూసేటప్పుడు పైకి యాభై మెట్లు, కిందికి యాభై మెట్లు చిమ్మందే ఆయన దిగడు. మా ముందర నిలబడి తినేటోళ్ళు డబ్బాలోనే వేస్తారు. కానీ ఎవురు నిలబడతారు? చేతిలో పట్టుకొని గోవిందా గోవిందా అంటా ఎక్కుతారు, నూరు మెట్లు పోయినాక వదిలేస్తారు. ఆ నూరో మెట్టు పాపం కూడా మాదేనా?
ఇంకో మాట. బెండు చెత్త ఎట్లయితాది? చేలో పండింది, మట్టిలోకి పోతాది. ప్లాస్టిక్ గురించి మాట్లాడండి, తల వంచుకొని ఒప్పుకుంటా.

శేషాచలం_నడక:
తమ్ముడూ, బండ మెట్టు మీద ఏ మట్టి ఉందని కలిసిపోవడానికి? 2021లో డీఆర్‌డీవో వాళ్ళ లడ్డూ కవర్లు కొండ మీద అమ్మకానికి పెట్టారు, అవీ మట్టిలో కలిసేవే. అందుకని అడవిలోకి విసిరేద్దామా? దుప్పికి కవరు ఏ రకమో తెలియదు. వాసనొస్తే నమిలేస్తుంది.
బెండు కోసం కోతులొస్తాయి, పందులొస్తాయి, కుక్కలొస్తాయి. కుక్కల వెనక ఏదొస్తుందో అందరికీ తెలుసు. 2023 ఆగస్టులో ఇదే దారిలో ఆరేళ్ళ పాపను చిరుత చంపింది. ఆ తర్వాతే కదా నడిచేవాళ్ళ చేతికి కర్రలిచ్చింది, చిన్నపిల్లల్ని మధ్యాహ్నం 2 దాటితే వదలనిది, జంతువులకు తిండి పెట్టొద్దన్నది. చిరుత మన మీద పగతో దారికి రాలేదు. మనం వదిలిన తిండి చుట్టూ చేరిన వాటి కోసం వస్తుంది.

మోకాలిమెట్టు:
బెండు తడి చెత్త. పచ్చ డబ్బా. అయిపాయె, ఇంకేం చర్చ?

పచ్చిమామిడి:
పచ్చ డబ్బాలో వేస్తే తడి చెత్త, అడవిలో వేస్తే ఎరువు. పల్లెల్లో బెండ్లు ఏం చేస్తారో కనుక్కోండి.
ఆ పాప మాట ఎత్తి మా కడుపు మీద కొట్టొద్దు సార్. ఆ వార్త విన్న రోజు మా అమ్మ పొయ్యి వెలిగించలేదు. మాకూ పిల్లలుండారు, రాత్రిపూట ఆ మెట్లు దిగేది మేమే. దారిన పోయేటోళ్ళు జింకలకు మా దగ్గర కొన్న కీరకాయ పెడతా ఉంటే వద్దని అరిచేది కూడా మేమే. "మేం డబ్బులిచ్చి కొన్నాం, నీకెందుకు" అంటారు.

గుడియాత్తం_బావ:
ఇద్దరూ ఆగండబ్బా. నేను కోటగిరిలో ఉంటా. నీలగిరుల్లో 2022 నుంచి మందు సీసా మీద పది రూపాయలు జాస్తిగా తీసుకుంటారు. ఖాళీ సీసా తిరిగిస్తే పది వెనక్కి. అంతకుముందు అడవిలో సీసా పెంకులు ఏనుగుల కాళ్ళలో గుచ్చుకునేవి. ఇప్పుడు ఎవురన్నా పడేసినా ఇంకొకడు ఏరుకొచ్చి ఇస్తాడు, పది రూపాయలు ఎవురికి చేదు? కప్పుకీ ప్లేటుకీ అట్ల పెట్టండి.

శేషాచలం_నడక:
స్వామి మెట్లదారి గురించి మాట్లాడుతుంటే మందు సీసాల పోలికా? కనీస మర్యాద ఉండొద్దూ?

గుడియాత్తం_బావ:
సీసాలో ఏముండిందని కాదు సార్ నేను చెప్పింది, సీసా ఎట్ల వెనక్కొచ్చిందని. కొండ మీద నీళ్ళ గాజు సీసాకు డిపాజిట్ కట్టించుకోవట్లేదా? అదే కదా ఇదీ.

బైరాగిపట్టెడ:
పది రూపాయలు తిరిగిస్తారంటే మా వీధి కుప్ప నేనే మోసుకుపోతా.

చీపురు_కట్ట:
చాలాసేపటి నుంచి చదువుతున్నా. మా అమ్మ ఈ ఊళ్ళోనే వీధులు చిమ్మేది, నడుము పోయి మానేసింది. గంగజాతర మర్నాడు తెల్లారక ముందే పోయేది. బెండు చీపురుకు రాదన్నా. దొర్లుకుంటూ పోతుంది, వంగి చేత్తో ఏరాలి. పేపర్ కప్పు అంతకంటే ఘోరం. లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అడుగున మిగిలిన టీ మోచేతి దాకా కారుతుంది. ఎరువా, చెత్తా అని మీరిద్దరూ వాదించుకునేది వంగనివాళ్ళ వాదన.
2022లో స్వచ్ఛ సర్వేక్షణ్‌లో లక్ష పైబడిన జనాభా ఉన్న ఊళ్ళలో తిరుపతికి 7వ ర్యాంకు వచ్చింది. ఫ్లెక్సీలు కట్టుకున్నారు. ఆ ఫ్లెక్సీలు చినిగి కాలవలో పడితే తీసిందీ మా అమ్మే. అదే ఏడాది కాంట్రాక్టరు ఒకడు మూడు నెలల జీతం ఆపాడు. నెలనెలా చెత్త పన్ను కట్టమన్నందుకు ఊరంతా తిట్టింది, 2024లో ఎత్తేశారు. సంతోషం. డబ్బూ ఇవ్వం, డబ్బాలోనూ వేయం.

పచ్చిమామిడి:
అక్కా, మా నాయన కూడా వంగి ఏరేటోడే. నన్ను ఆ లెక్కలో కలపొద్దు.

శేషాచలం_నడక:
అమ్మా, మీ మాట కాదనను. కానీ అంగడే లేకుంటే బెండూ ఉండదు, వంగే పనీ ఉండదు. నేను మొదటి నుంచి చెప్తున్నది అదే.

పచ్చిమామిడి:
ఇది కదా అసలు సంగతి. మీకు బెండుతో గాదు సార్, మాతో ఇబ్బంది. డిపాజిట్ అన్నా వద్దు, డబ్బా అన్నా వద్దు. మేం పోతే చాలు. చెత్త అనేది సాకు. మూడు తరాలుగా ఆ దారి మీదే బతికినాం. మీకు నెలకు రెండు శనివారాలు పుణ్యం కావాల, మాకు రోజూ కూడు కావాల.

శేషాచలం_నడక:
సరే, దాచిపెట్టడం ఎందుకు. అవును, నాకు అక్కడ సంత వద్దు. 1984లో మా నాయన చెయ్యి పట్టుకుని మొదటిసారి ఎక్కాను. ముందర వాళ్ళెవరో అన్న గోవింద నామం ఆగిపోయాక గాలి, ఆకుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. ఇప్పుడు పది మెట్లకొక కేక, జామకాయ, మజ్జిగ, సోడా. ఆ దారి పోయింది. దానికి నాకు బాధగా ఉంది. తప్పా?

పచ్చిమామిడి:
తప్పు గాదు. మరి ఆ రోజు ఆకలేస్తే ఏం తిన్నారు?

శేషాచలం_నడక:
అమ్మ పులిహోర కట్టిచ్చింది. విస్తరాకులో. ఏడో మైలు దగ్గర కూర్చుని తిన్నాం.

పచ్చిమామిడి:
ఆ ఆకు యాడ పడేసినారు సార్?

మోకాలిమెట్టు:
😀😀

శేషాచలం_నడక:
గుర్తులేదు. పిట్టగోడ అవతల పడేసి ఉంటాం. కానీ అది ఆకు.

పచ్చిమామిడి:
ఇది బెండు.

శేషాచలం_నడక:
ఆకుకీ బెండుకీ చాలా తేడా ఉంది. పైగా ఆ రోజుల్లో ఎక్కేవాళ్ళు ఎంతమంది? ఇప్పుడు బాగా రాత్రయింది, రేపు వివరంగా రాస్తా.