అడిస్ అబాబాలో ఒంటరిగా రెండు వారాలు: శాకాహారం, ఇంటి భోజనం పిలుపు

ప్రశ్న – కృష్ణలంక
2026 ఏప్రిల్ 20 నుంచి రెండు వారాలు ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో పని. ఒక్కదాన్నే వెళ్తున్నాను. మాంసం, చేప, గుడ్డు తినను. పాలు, నెయ్యి పర్వాలేదు. అక్కడి ఆఫీసులో ఒకావిడ మొదటి ఆదివారమే ఇంటికి భోజనానికి పిలిచారు. ఏం పెడతారు? ఎక్కడ ఇబ్బంది రావచ్చు?

జవాబు – చిరుధాన్యం
శాకాహారులకు ఇథియోపియా మంచి చోటండి. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో ఉపవాసం పాటిస్తారు. ఆ రోజు మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి ముట్టరు. హోటల్లో "యెత్సోమ్ బెయాయినెతు" అని అడగండి. పళ్ళెమంత ఇంజెరా అనే అట్టు పరిచి, దానిమీద మైసూరుపప్పుతో చేసిన మిసిర్ వొట్, గోమెన్ అనే ఆకుకూర, క్యాబేజీ, బీట్‌రూట్ కుప్పలుగా పెడతారు. షిరో అంటే మన పూరీల్లోకి చేసే బొంబాయి చట్నీని ఇంకాస్త చిక్కగా, ఎర్రగా, కారంగా ఊహించుకోండి.

ఇంజెరా అంటే టెఫ్ అనే సన్నటి ధాన్యపు పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి ఒకవైపే కాల్చే అట్టు. పైనంతా చిల్లులు, బాగా పులుపు. మొదటి పూట కొంచెమే తినండి, కడుపులో ఉబ్బుతుంది.

జవాబు – మూడో కప్పు
బుధ, శుక్రవారాల లెక్క ఈవిడ తేదీలకు కుదరదండి. 2026లో ఫసికా, అంటే వాళ్ళ ఈస్టర్, ఏప్రిల్ 12న. దానికి ముందు 55 రోజులు ఉపవాసమే. పండగ తర్వాత 50 రోజులు మాత్రం బుధ, శుక్రవారాల్లోనూ ఉపవాసం ఉండదు. కాబట్టి ఆ ఆదివారం దోరో వొట్ వండే అవకాశమే ఎక్కువ: కోడికూర, అందులోనే ఉడికించిన గుడ్లు.

ఆవిడకు ఇప్పుడే చెప్పేయండి. "వెజిటేరియన్" అంటే సరిపోదు, ఉపవాసంలో కూడా చేప తినేవాళ్ళున్నారు. ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పాలి: సిగా (మాంసం), దోరో (కోడి), ఆసా (చేప), ఎన్కులాల్ (గుడ్డు), చివర "అల్బెలామ్", అంటే తినను. హోటల్లో బొజెనా షిరో వద్దనండి, అందులో మాంసం ముక్కలుంటాయి.

ఇంకోటి, ఇంట్లో అందరూ ఒకే పళ్ళెంలో తింటారు. కోడి పులుసు ఇంజెరాలోకి ఇంకి మీవైపుకు వచ్చేస్తుంది. చిన్న పళ్ళెం విడిగా పెట్టమని ముందే అడగండి, తప్పుగా అనుకోరు.

జవాబు – చిరుధాన్యం
తేదీ చూసుకోలేదు, మీరన్నదే సరి.

గుర్షా గురించి కూడా చెప్పాలి. ఇంటావిడ ఇంజెరాలో కూర చుట్టి మీ నోటికి అందిస్తారు. మన గోరుముద్దే, కాకపోతే పెద్దవాళ్ళకీ పెడతారు. కాదంటే నొచ్చుకుంటారు, ఆ క్షణంలో అందులో ఏముందని అడగడమూ బాగుండదు. ముందే చెప్పాలన్నది అందుకే. కుడిచేత్తోనే తినండి, వేళ్ళు నాకకండి. చాలనిపిస్తే "తెగబ్కు" అనండి, కడుపు నిండిందని.

తర్వాత కాఫీ. పచ్చి గింజలు మీ ముందే వేయించి, పొగ వస్తున్న పెనాన్ని మీ దగ్గరకు తెస్తారు. ఆ పొగను చేత్తో మీవైపు తోసుకుని వాసన చూడాలి. జెబెనా అనే మట్టి కూజాలో కాచి మూడు విడతలు పోస్తారు: అబోల్, తోనా, బెరెకా. పొడి అదే, నీళ్ళే కొత్తవి, కాబట్టి మూడోది పలచగా ఉంటుంది. పాలు ఉండవు. మధ్యలో లేవకండి, గంట దాటుతుంది.

జవాబు – మూడో కప్పు
టైము కూడా అడిగి రాసుకోండి. వాళ్ళ గడియారం పొద్దున ఆరు నుంచి మొదలు: "ఏడు గంటలకు రా" అంటే మధ్యాహ్నం ఒంటిగంట. చేతిలో పట్టుకెళ్ళడానికి సున్నుండలు బాగుంటాయి. పూతరేకులైతే పెట్టెలోనే పొడైపోతాయి. ఆ వారాల్లో నెయ్యి వాళ్ళకూ ఇబ్బంది కాదు.