సమస్య: సాలెపురుగు గెలిచె సంగరమున

నిర్వాహకుడు: నిన్న అటక మీద సాలెగూళ్లు దులుపుతుంటే తట్టింది, ఇక్కడ పడేస్తున్నా. స్కాట్లాండు రాజు రాబర్ట్ బ్రూస్ మీదే రాయాలి. శ్రీకాళహస్తి సాలీడుతో వచ్చేవాళ్లకి ఈసారి తలుపు మూసేశాం.

గోదారిగట్టు:
బ్రూసు గుహను జూచె పురుగు పట్టు విడక
జాఱి జాఱి పడియు జాల మల్ల;
ధైర్య మంది యాంగ్లదళముల గూల్చగా
సాలెపురుగు గెలిచె సంగరమున!

యతిమతి: నున్నగా ఉంది, కాదనను. కానీ గోదారిగారూ, చిన్నప్పుడు విన్న కథనే గణాల్లో కూర్చారు, ఇందులో పూరణేముంది? పైగా ఆ గుహా ఆ పురుగూ కొన్ని వందల ఏళ్ల తర్వాత అతికించినవి. 1314లో బానక్‌బర్న్ వాగు దగ్గర గెలిపించినవి ఈటెలండీ.

అశ్వబలము తోడ నాంగ్లులు రాగానె
వాగుపక్క బురదలో వారి బట్టె;
ఈటె లల్లి వలగ నీగల బట్టగా
సాలెపురుగు గెలిచె సంగరమున!

ఈటెల గుంపు సాలీడు, గుర్రాల మీది దొరలు ఈగలు.

గోదారిగట్టు: ఈగలు బాగున్నాయి, ఒప్పుకుంటా. రెండో పాదంలో ఆ "లో" ఏమిటి మరి? పోయిన నెల నా పద్యంలో ఒక్క లఘువు పెరిగిందని మూడు రోజులు దండోరా వేసింది తమరే కదా! తీసేయండి, గణమూ కుదురుతుంది, బురదే వాళ్లని పట్టుకున్నట్టూ అవుతుంది. "లో" ఉంటే పట్టిందెవరు?

పెసరట్టు: "బట్టె" అయ్యాక మళ్లీ "బట్టగా"... నాకు అదీ గుచ్చుకుంది. అన్నట్టు యతిమతిగారి పాత పూరణలో బ్రూస్ సాక్షాత్తూ ధర్మరాజు, గుర్తుందా? 1306లో డంఫ్రీస్ చర్చిలో పోటీదారు కోమిన్‌ని పొడిచి, రెండు నెలలు తిరక్కుండానే కిరీటం పెట్టుకున్న మనిషి!

యతిమతి: ధర్మరాజు మాత్రం "అశ్వత్థామ" అనలేదా? స్వతంత్ర రాజ్యమని 1328లో ఇంగ్లండు చేతే ఒప్పించాడు, మరుసటి ఏడే పోయాడు పాపం, అది చూడండి. "లో" తీసేస్తున్నా. వేలు జారింది.

గోదారిగట్టు: వేలా, గణమా? బానక్‌బర్న్‌లో మీదికొచ్చిన ఇంగ్లీషు వీరుడి తల పగలగొట్టి, అయ్యో నా మంచి గొడ్డలి విరిగిందే అని బ్రూస్ వాపోయాడట. తమరి బాధా అలాగే ఉంది.

నిర్వాహకుడు: ఆగండాగండి, రేపటిది దొరికింది: "గొడ్డలి విరిగెనని గోలపెట్టె". పరశురాముడికి తలుపు మూసేశాం.