ఇంగ్లీషు బొమ్మల పుస్తకంలో కింద తెలుగు ఉండాలా, వద్దా?

పర్లాకిమిడి నుంచి ఒక తల్లి:
మా పాపకు నాలుగేళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, త్వరలో బడిలో ఇంగ్లీషు. బొమ్మల పుస్తకాలు కొందామంటే రెండు రకాలు దొరుకుతున్నాయి. కొన్నింటిలో ఇంగ్లీషు ఒక్కటే ఉంది. కొన్నింటిలో ప్రతి వాక్యం కిందా తెలుగు ఉంది. మా వారు మొదటి రకమే కొనమంటున్నారు. నా మనసు రెండోదాని మీద ఉంది. మీరేమంటారు?

బరంపురం నుంచి, చిన్న తరగతుల టీచర్:
మీ వారు చెప్పిందే సరైనది. ఇంగ్లీషు వాక్యం చదివిన వెంటనే తెలుగు చెప్పేస్తే, పిల్లలు ఇంగ్లీషు వినడం మానేసి తెలుగు కోసం ఎదురుచూస్తారు. నా తరగతిలో రోజూ చూస్తున్నాను. పుస్తకం కొనేముందు మాటలను చేత్తో మూసి బొమ్మలు మాత్రమే చూడండి. కథ తెలిస్తే అది మంచి పుస్తకం. పిల్లి మంచం కింద నక్కి ఉంటే ‘అండర్’ అంటే ఏమిటో బొమ్మే చెబుతుంది. ఇక తెలుగెందుకు?

రాయగడ నుంచి ఒక తండ్రి:
టీచర్ గారూ, ‘అండర్’కు బొమ్మ వేయవచ్చు. ‘రేపు’ అన్న మాటకు ఏ బొమ్మ వేస్తారు? ‘మరిచిపోయింది’ అన్నదానికి? పైగా నాలుగేళ్ల పాపకు ఏ అక్షరాలూ రావు కదా. ఆ తెలుగు పాప కోసం కాదు, చదివి వినిపించే మనిషి కోసం.

మా ఇంట్లో ఆ మనిషి మా అమ్మ. ఒడియా మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఇంగ్లీషు అసలే రాదు. ఇంగ్లీషు పుస్తకం చేతికిస్తే తిరగేసి పక్కన పెట్టేసింది. రెండు భాషలున్నది తెచ్చాక మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని వానలో కప్ప కథ చదివింది. ఒక పేజీలో, మూలన ఆకు కింద చిన్న చీమ ఉంది. దాని గురించి కథలో ఒక్క మాటా లేదు. మా వాడే చూసి, “నానమ్మా, ఇదీ వానకు దాక్కుంది” అన్నాడు. మర్నాడు అదే పేజీ నేను ఇంగ్లీషులో చదివాను. ‘రెయిన్’ అనగానే వాడి వేలు నేరుగా ఆ చీమ మీదికి పోయింది. ఆ మాటకు అర్థం నేను చెప్పలేదు.

మీ పర్లాకిమిడిలో ఉండే గిడుగు రామమూర్తి గారు సవర పిల్లల కోసం సవర భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఇంటి భాష వదిలేసి చదువు మొదలుపెట్టడం తప్పని ఆయనకు ఆనాడే తెలుసు.

కోరాపుట్ నుంచి:
ఏది కొన్నా సరే, ఎక్స్ అక్షరం పక్కన జైలోఫోన్ బొమ్మ వేసిన పుస్తకం మాత్రం వద్దు. ఆ మాట మొదట్లో వినిపించేది ‘జ’. పిల్లలు ఆ అక్షరానికి అదే శబ్దం అనుకుంటారు. చివర ఎక్స్ వచ్చే ‘బాక్స్’, ‘ఫాక్స్’ ఉంటే మేలు.

బరంపురం టీచర్:
చీమ సంగతి చదివి సంతోషించాను. ముందు కథ తెలిసి ఉంటే ఇంగ్లీషు సులువవుతుందన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. అయినా రెండూ ఒకే పేజీలో వద్దనే అంటాను. ఇంగ్లీషు పుస్తకాల్లో చాలావరకు ప్రాస మీద నడుస్తాయి. ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వస్తుంది, మూడోసారికి పిల్లలే అందుకుంటారు. మధ్యలో తెలుగు వాక్యం అడ్డొస్తే ఆ ఊపు పోతుంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో ఒకే కథ తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో విడివిడిగా దొరుకుతుంది. డబ్బు కట్టనక్కర్లేదు, దించుకుని ముద్రించుకోవచ్చు. మొదటి స్థాయి కథలతో మొదలుపెట్టండి.

పర్లాకిమిడి తల్లి:
నిన్న ఒక కథను మూడు భాషల్లోనూ ముద్రించి తెచ్చాను. తెలుగు ప్రతి మా అత్తగారికి, ఇంగ్లీషుది మా వారికి. నాకు ఒడియా చదవడం రాదు. ఆ ప్రతి పట్టుకుని ఈ సాయంత్రం పాపను పక్కింటి ‘మావుసి’ (ఒడియా పిన్ని) దగ్గరికి తీసుకెళ్తున్నాను.