నికోలా టెస్లాది ఏ దేశం? క్విజ్‌లో మార్కు ఎవరికివ్వాలి?

ప్రశ్న (హైస్కూల్ సైన్స్ టీచర్):
మా పిల్లలకి క్విజ్ పెట్టాను. "నికోలా టెస్లా ఏ దేశస్థుడు?" అని అడిగితే ఒక జట్టు సెర్బియా అని, ఇంకో జట్టు క్రొయేషియా అని, మూడో జట్టు అమెరికా అని రాశారు. అందరూ "నెట్‌లో చూశాం సార్" అనే అంటున్నారు. సోమవారం ఫలితం చెప్పాలి, టెన్షన్‌గా ఉంది. ఏది సరైనది?

జవాబు 1:
పుట్టింది స్మిల్యాన్ అనే ఊళ్లో. అది ఇప్పుడు క్రొయేషియాలో ఉంది. కాబట్టి క్రొయేషియా. ఇందులో వాదనేముంది?

జవాబు 2:
వాదన ఉందండి. నా ఉద్యోగం పాత పేటెంట్లు చదవడం, కాబట్టి ఆయన కాగితాల నుంచే చెప్తాను. 1888 మే 1న వచ్చిన మోటారు పేటెంటు, నంబరు 381968 తీసి చూడండి. ఆస్ట్రియా-హంగరీ సరిహద్దు ప్రాంతం, లికాలోని స్మిల్యాన్ నుంచి వచ్చినవాణ్ణని మొదట్లోనే ఉంటుంది. అందులో క్రొయేషియా పేరూ లేదు, సెర్బియా పేరూ లేదు. 1891 జూలై 30న అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. 1900లో వచ్చిన 645576 నంబరు పేటెంటులో అమెరికా పౌరుణ్ణని ఉంటుంది.

ఆ సరిహద్దు ప్రాంతం సంగతి తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. ఒట్టోమన్ తుర్కుల్ని అడ్డుకోవడానికి వియన్నా, అంటే ఆస్ట్రియా సామ్రాజ్యం (1867 నుంచే అది ఆస్ట్రియా-హంగరీ), తన సైన్యం చేతిలో ఉంచుకున్న నేల అది. తుర్కుల ఏలుబడి నుంచి తరలివచ్చిన సెర్బు కుటుంబాలకి అక్కడ భూములిచ్చి, బదులుగా కాపలా కాయించుకున్నారు. 1856లో టెస్లా పుట్టేనాటికి పెత్తనం నేరుగా వియన్నాదే. 1881లో గానీ దాన్ని క్రొయేషియాలో కలపలేదు. తండ్రి మిలుతిన్ సెర్బియన్ ఆర్థడాక్స్ చర్చిలో మతగురువు, తల్లి జూకా కూడా మతగురువు కూతురే. అక్కడ సెర్బులు, క్రొయేట్లు మాట్లాడే భాష దాదాపు ఒకటే. అందుకే ఎవరు ఏ జాతో చాలావరకు చర్చిని బట్టే తెలిసేది: ఆర్థడాక్స్ అయితే సెర్బు, కేథలిక్ అయితే క్రొయేట్. ఆ లెక్కన టెస్లా సెర్బు, అందులో నాకు సందేహం లేదు. కానీ సెర్బియాలో ఆయన ఏనాడూ కాపురం లేరు. 1892లో బెల్‌గ్రేడ్ చూసి వెళ్లారంతే.

1900లో మద్రాసులో పుట్టి అమెరికాలో స్థిరపడిన తెలుగాయన్ని ఏ దేశం వాడంటాం? టెస్లా విషయమూ అంతే.

జవాబు 3:
నేను జర్మనీలో ఉంటాను. నా పర్సులోనే క్రొయేషియా 50 సెంట్ల నాణెం ఉంది, దాని మీద టెస్లా బొమ్మ. 2023లో ఆ దేశం యూరోలోకి వచ్చాక 10, 20, 50 సెంట్ల మీద ఆయన్నే వేశారు. 2021లో ఈ ఆలోచన బయటికొచ్చినప్పుడు సెర్బియా జాతీయ బ్యాంకు అభ్యంతరం చెప్పింది. వాళ్ల 100 దినార్ల నోటు మీదా ఆయనే మరి. బెల్‌గ్రేడ్ విమానాశ్రయానికీ ఆయన పేరే పెట్టుకున్నారు.

జవాబు 2:
ఈ గొడవకి ఆయన బతికుండగానే జవాబిచ్చారు. 1936లో క్రొయేషియా నాయకుడు వ్లాద్కో మాచెక్‌కి పంపిన టెలిగ్రాంలో తన సెర్బు వంశమన్నా, క్రొయేషియా మాతృభూమి అన్నా సమానంగా గర్వపడతానన్నారు. అంత మాటన్న మనిషి విగ్రహాన్ని, స్మిల్యాన్ పక్కనే ఉన్న గోస్పిచ్‌లో 1992లో, క్రొయేట్లకీ సెర్బులకీ మధ్య యుద్ధకాలంలో పేల్చేశారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి. అంటే ముగ్గురికీ మార్కివ్వాలా?

జవాబు 2:
వద్దండి. ఆ ప్రశ్న తీసేసి పుట్టినప్పుడు ఆ ఊరు ఎవరి ఏలుబడిలో ఉంది, ఏ జాతి కుటుంబం, చనిపోయేనాటికి ఏ దేశ పౌరుడు అని విడివిడిగా అడగండి. మొదటిదానికి ఆస్ట్రియా సామ్రాజ్యం అని రాసినవాళ్లకే మార్కు. అది మీ మూడు జట్లలో ఎవరూ రాయలేదు కదా.